మ్యాపు ఎవరి చేతుల ఉంటదో ముందు అడుగు, చెల్లె

ప్రశ్న: అన్నా నమస్తే. మాది పరకాల, ఇప్పుడు హన్మకొండల ఉంటున్నం. ప్రైవేట్ స్కూల్ల లెక్కలు చెప్త, వయసు 37. మా మరిది, ఆయన దోస్తు కలిసి నాలుగు గంటల అడ్వెంచర్ రేసట, ఉరుకుడు, సైకిల్, పడవ, మ్యాపు చూసుకుంట జెండాలు దేవులాడుడు, దాంట్ల పేరిస్తున్నరు. టీముకు ముగ్గురు ఉండాల్నట, ఆడ మగ కలిసుండే మిక్స్‌డ్ కేటగిరీల కాంపిటీషన్ తక్కువుంటదని నన్ను రమ్మంటున్నరు. నేను బస్సు కోసం తప్ప ఎన్నడూ ఉరకలే. సైకిల్ పదో తరగతిల బంద్ చేసిన. ఈత రాదు. మా అత్తమ్మ "ఈ వయసుల ఇదేం ఉరుకుడు" అంటున్నది. లోపల నాకు పోవాల్ననే ఉన్నది గని, నా వల్ల వాళ్ళు ఓడిపోతే ఇంట్ల మాట పడాల్సొస్తది. అయినా చివర్ల వచ్చేటందుకు అంత కష్టపడితే దాంట్ల మజా ఏమున్నదన్నా? రేసుకు ఇంకా రెండున్నర నెలలున్నది.
హన్మకొండ నుంచి ఒక టీచర్

సమాధానం:

చెల్లె, నమస్తే. నీ ఉత్తరం రెండుసార్లు చదివిన, రెండోసారి చదివినప్పుడు నవ్వొచ్చింది, ఎందుకంటే నువ్వు రానివన్నీ లిస్టు రాసినవ్ గని వచ్చిన ఒక్కటి మాత్రం పట్టించుకోకుండ ఒదిలేసినవ్. లెక్కలు చెప్త అన్నవ్ కదా, ఈ ఆటల సగం పని అదే, జర ఆగు, దాని సంగతికే వస్త.

ముందుగాల మీ మరిది మాట. "మిక్స్‌డ్ టీం అయితే కాంపిటీషన్ తక్కువ, అందుకే వదినను తీస్కపోదాం" అన్నడంటే నీకు చురుక్కుమన్నది, అది నీ రాతల్నే తెలుస్తున్నది. నాకు గూడ అనిపిస్తది. కాని ఈ ఆటల ఆడమనిషి ఉండాల్నన్న రూలు కోటా కోసం మొన్నమొన్న అతికిచ్చింది కాదు. 1989ల న్యూజిలాండ్‌ల రెయిడ్ గొలువాజ్ అని ఒక పెద్ద రేసు పెట్టిన్రు, జెరార్ ఫ్యూసీల్ అనే ఫ్రాన్స్ జర్నలిస్టు ఆలోచన అది, రోజుల తరబడి గుట్టలు ఎక్కుకుంట నదులు దాటుకుంట పోవుడు, టీముకు ఐదుగురు, అందుల కనీసం ఒక ఆడమనిషి ఉండాల్సిందేనని అప్పుడే రూలు. ఇప్పటికి గూడ ప్రపంచంల పెద్ద రేసులల్ల నలుగురి టీముల ఆడ మగ ఇద్దరుండుడే అసలు కేటగిరీ, ఉత్త మగోళ్ళ టీములదే పక్క లైను. కాబట్టి మీ మరిదికి చెప్పు, నువ్వు నన్ను ఈజీ కేటగిరీకి తీస్కపోతలేవు, మెయిన్ కేటగిరీకి తీస్కపోతున్నవ్ అని.

ఇగ నువ్వడిగిన అసలు ముచ్చట, మజా ఏమున్నది అని. మామూలు ఉరుకుడు పందెంల ఎవని కాళ్ళు వానియి, వెనక పడ్డోడు వెనకనే ఉంటడు, ముందటోడు వీపు గూడ కనబడనియ్యడు. ఈ రేసుల అట్ల కాదు. ముగ్గురూ కలిసే పోవాలె, శానా రేసులల్ల ఒకరికొకరు 100 మీటర్ల లోపలనే ఉండాల్నని రూలుంటది, కొన్నిట్ల 50 మీటర్లే. చెక్‌పాయింట్ అంటే జెండా ఉండే జాగ, అక్కడికి ముగ్గురూ చేరినంకనే అది లెక్కల పడ్తది. చివరికి టైం రాసుకునేది గూడ మూడో మనిషి గీత దాటినప్పుడే. అంటే అందరికంటె నెమ్మది మనిషి టైమే టీం టైం. నువ్వు దీన్ని చూసి భయపడుతున్నవ్, నేను మాత్రం ఆట మొత్తం దీని మీదనే నిలబడ్డదంటా. గట్టోడు ఎంత ఉరికినా లాభం లేదని తెలిసినంక ఏం చేస్తడు, వెనకకొచ్చి నీ బ్యాగు తీసుకుంటడు, సైకిల్ మీద నిన్ను తాడుతోటి గుంజుతడు, నీళ్ళ బాటిల్ మూత తీసి చేతికిస్తడు. ఇంట్ల చాయ్ గ్లాసు గూడ కడగని మొగోళ్ళు ఆ నాలుగు గంటలు ఎట్ల మారిపోతరో చూసేటందుకైనా ఒక్కసారి పోవాలె, నేను మారిన, మా ఇంటామె నమ్మలేదు అది వేరే.

నా మొదటి రేసు చెప్త. పేరున్న రేసు కాదు, మేం తొమ్మిది మంది దోస్తులం మూడు టీములు కట్టుకోని ధర్మసాగర్ అవతల దేవునూరు దిక్కు సొంతంగ పెట్టుకున్నం, ఇనుపరాతి గుట్టల అడవిలకు పోకుండ అంచుపొంటి చెల్కలు, కుంటలు, ఊర్ల తొవ్వలు. పదో మనిషి, మా దాంట్ల మోకాలు నొప్పి ఉన్న ఒక అన్న, రెండు రోజుల ముందు పోయి ఎనిమిది చోట్ల ఎర్ర డబ్బాలు కట్టి వచ్చిండు, ఒక్కో డబ్బాల ఒక్కో రంగు స్కెచ్ పెన్ను, ఆ రంగు మన కార్డు మీద గీసుకోవాలె, అదే పంచ్, అంటే అక్కడి దాక వచ్చినమని గుర్తు అన్నట్టు. మా టీంల నేను, బ్యాంకుల పనిచేసే ఒక దోస్తు, ఇంకో పోరడు, వాడు రోజూ పొద్దుగాల జేఎన్ఎస్ స్టేడియంల పది రౌండ్లు కొట్టేటోడు. బ్యాంకు దోస్తుకు పొట్ట, నడక నెమ్మది, రెండు గుట్టల నడుమ ఒకసారి కూసోకుంటే వానికి తృప్తి ఉండదు.

విజిల్ కొట్టంగనే పోరడు ఉరికిండు. వాని ఎంబడి నేను. మ్యాపు నా చేతులనే ఉన్నది గని ఉరుక్కుంట చూసినన్నా అంటే అబద్ధమైతది, ఊరికె పట్టుకున్న. మూడో డబ్బా ఒక బాయి పక్కన చింతచెట్టు కింద ఉండాలె. బాయి దొరికింది, చింతచెట్టు దొరికింది, డబ్బా లేదు. చెట్టు చుట్టు తిరిగినం, బాయిలకు తొంగి చూసినం, తుమ్మ కంపల చెయ్యి పెట్టి గీక్కున్నం, 20 నిమిషాలు. అప్పటికి బ్యాంకు దోస్తు వచ్చిండు, బండ మీద కూసున్నడు, నా చేతుల్నుంచి మ్యాపు గుంజుకున్నడు, నీళ్ళు తాగిండు, మళ్ళ చూసిండు. "మ్యాపుల బాయి దాటంగనే తొవ్వ ఎడమకు మలిగింది, ఇక్కడ తొవ్వ తిన్నంగనే పోతున్నది, ఇది ఆ బాయి కాదు" అన్నడు. అంతే. అసలు బాయి ఇంకో 400 మీటర్లు ముందటున్నది. ఆ రోజు మా ముగ్గుర్ల బుర్ర వాడింది వాడొక్కడే, ఎందుకంటే వాడొక్కడే ఆగిండు. అక్కడ్నుంచి మ్యాపు వాని మెడల వేసినం, వాని బ్యాగు పోరడు మోసిండు, నాకు పెన్నుల డ్యూటీ.

అందుకే నీకు నేను చెప్పే మొదటి షరతు ఇది. మ్యాపు నీ దగ్గర ఉంటదా అని మీ మరిదిని అడుగు. గట్టిగ ఉరికేటోనికి మ్యాపు ఇయ్యద్దు, వాని కాళ్ళు వాని కండ్లను ఆగనియ్యయి. నెమ్మది మనిషి ఎట్లయినా మూడు నిమిషాలకోసారి నడకల పడ్తది, ఆ నడకలనే మ్యాపు చూస్తది. ఇది నువ్వు బాధపడొద్దని తీపి చేసి చెప్తున్న మాట కాదు, అట్ల పంచుకున్న టీములే తప్పిపోకుండ తిరిగొచ్చుడు నేను శానా సార్లు చూసిన.

నువ్వు లెక్కల టీచర్‌వు కదా, ఇగ నీ క్లాసే. రేసుల ఇచ్చే మ్యాపు 1:25,000 అయితే మ్యాపు మీద 4 సెంటీమీటర్లు నేల మీద కిలోమీటర్, 1:50,000 అయితే 2 సెంటీమీటర్లు. ఎనిమిదో తరగతి నిష్పత్తి. తర్వాత గుట్ట లెక్క. 1892ల నెయిస్మిత్ అని స్కాట్లాండ్ కొండలెక్కేటాయన ఒక అంచనా లెక్క చెప్పిండు, ఇయ్యాల్టికి గూడ పనికొస్తది: గంటకు 5 కిలోమీటర్లు నడక, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట కలుపుకో. అంటే కిలోమీటర్‌కు 12 నిమిషాలు, 10 మీటర్ల ఎత్తుకు ఒక నిమిషం. ఇప్పుడు నీ ముందట గుట్ట ఉన్నది అనుకో, ఎత్తు 40 మీటర్లు, పైనుంచి అడ్డంగ పోతే 600 మీటర్లు, చుట్టు తిరిగొస్తే కిలోమీటర్. పైనుంచి అయితే 7 నిమిషాల 12 సెకండ్లు నడక, 4 నిమిషాలు ఎక్కుడు, మొత్తం 11 దాటుతది. చుట్టు అయితే 12. ఒక నిమిషం గూడ తేడా లేదు, మరి పైన పరికి కంపలు, జారుడు బండలు, దిగేటప్పుడు మోకాళ్ళ గోస, ఇవన్ని నెయిస్మిత్ లెక్కల లెవ్వు, కాబట్టి చుట్టు తిరుగుడే మేలు. పోరగాళ్ళు మాత్రం "అడ్డం పడి పోదాం పా" అంటరు. అప్పుడు టీచర్ గొంతు తియ్యి.

ఇంకో లెక్క అడుగులది. స్టేడియం ట్రాక్ మీద 100 మీటర్ల పందెం మొదలయ్యే గీత నుంచి అయిపోయే గీత దాక మామూలుగ నడువు, కుడికాలు నేల మీద పడ్డప్పుడల్ల ఒకటి లెక్కపెట్టు, అరవై అయిదో డెబ్బయో వస్తది, ఆ నంబర్ నీది, యాది పెట్టుకో. ఎత్తుల ఎక్కువైతది, అలిసిపోతే ఇంకా ఎక్కువైతది. తొవ్వ మలుపు నుంచి 300 మీటర్ల కాడ చెక్‌పాయింట్ అని మ్యాపుల ఉంటే నువ్వు కండ్లు మూసుకోని చెప్పొచ్చు ఇక్కడనే ఎక్కడ్నో ఉన్నది దేవులాడున్రి అని. మేం ఆ రోజు బాయి కాడ ఇది చేసి ఉంటే 20 నిమిషాలు మిగిలేటియి.

కంపాస్ కొనాల్నంటే అడుగు భాగం ప్లాస్టిక్ పలకలెక్క ఉండేది కొను, ఫోన్ల కంపాస్‌ను నమ్ముకోకు, శానా రేసులల్ల ఫోన్ సంచిల పెట్టి సీల్ వేస్తరు. మన అదృష్టం ఏందంటే మన తెలంగాణల ముల్లు చూపిచ్చే ఉత్తరానికి, అసలు ఉత్తరానికి తేడా లేనట్టే, ఆ రెయిడ్ పుట్టిన న్యూజిలాండ్‌ల అయితే 20 డిగ్రీల చుట్టుపక్కల తేడా ఉంటది, వాళ్ళు లెక్క కట్టకుంటే వేరే లోయల తేల్తరు. కంపాస్ నేర్చుకునేటందుకు నీకు ఖిలా వరంగల్ కంటె మంచి జాగ దొరకది. నాలుగు కాకతీయ తోరణాలు నాలుగు దిక్కులకు నిలబడి ఉన్నయి కదా, నడుమ నిలబడి కంపాస్ పట్టుకో, ముల్లు ఎటు చూపిస్తున్నదో, ఏ తోరణం ఎటున్నదో చూడు, తర్వాత మ్యాపును తిప్పు, మ్యాపు ఉత్తరం ముల్లు ఉత్తరం ఒకటే దిక్కుకు వచ్చేదాక. మ్యాపు ఎప్పుడు అట్లనే పట్టుకోవాలె, అక్షరాలు తలకిందులయినా సరే, పేపర్ చదివినట్టు నిలువుగ పట్టుకున్నోళ్ళే మొదట తప్పిపోతరు. బొటనవేలు నువ్వున్న చోట పెట్టి, నడిచినకొద్ది వేలును జరుపుకుంట పో. కోట మట్టి గోడ దాక ఇట్ల పోయి రా, మీ పిల్లలను గూడ తీస్కపో, వాళ్ళు నీకంటె తొందరగ నేర్చుకుంటరు, కొంచెం ఒళ్ళు మండుతది.

మన ఊర్ల భూమి గూడ ఈ ఆటకు మస్తు కలిసొస్తది. చెరువు కట్ట ఉన్నదంటే అది చెయ్యి పట్టుకోని తీస్కపోయినట్టే, మ్యాపు చూడకుండ ఉరకొచ్చు, మత్తడి కాడ ఆగాలె అంతే. కాకతీయ కాలువ అడ్డమొచ్చిందంటే "అయ్యో దాటి వచ్చినం, వెనకకు మలుగున్రి" అని అర్థం. తూము, మత్తడి, గుడి, సెల్ టవర్, ఒంటి తాటిచెట్టు, ఇవన్ని రేసు పెట్టేటోళ్ళు ఇష్టపడి చెక్‌పాయింట్ పెట్టే జాగలు. తాటిచెట్టును మాత్రం నమ్మకు, ఒకటున్న కాడ నలభై ఉంటయి.

మా రేసుల ఇంకో ముచ్చట యాదికొస్తున్నది. ఆరో డబ్బా కాడ గూడ డబ్బా లేదు, ఈసారి జాగ కరెక్టే, బ్యాంకు దోస్తు మూడుసార్లు చూసి కరెక్టే అన్నడు. ఇంకో టీం గూడ వచ్చింది, ఆరుగురం మొదుగు చెట్ల నడుమ వంగి వంగి చూస్తున్నం. మేకలు కాసే పెద్దాయన వచ్చి "ఏం పోయింది బిడ్డా, తాళాలా?" అన్నడు. ఎర్ర డబ్బా తాతా అన్నం. "గదా, మేకలు నములుతున్నయని నేనే తీసిన" అని గొంగడిల నుంచి తీసిచ్చిండు, లోపలి స్కెచ్ పెన్ను గూడ, మళ్ళ దానితోని ఏం రాస్తరు అని అడిగి, మేం చెప్పింది విని, కాసేపు మా మొఖాలు చూసి, మూడు గంటల నుంచి ఇదే చేస్తున్నరా అన్నడు. ఆ చూపు నాకు ఏ మెడల్ ఇచ్చినా మర్చిపోను. ఆ పొద్దు నేర్చుకున్నది ఏందంటే, జాగ కరెక్టని నమ్మకముండి జెండా లేకుంటే అక్కడ గంటలు గంటలు కూసోవద్దు, రేసోళ్ళు ఫోటో ఒప్పుకుంటరా అని ముందే అడిగి పెట్టుకోవాలె, ఒప్పుకుంటే చెట్టు కాడ ముగ్గురూ ఫోటో దిగి కదలాలె.

కాంపిటీషన్ మజా అంటే ఏందో గూడ ఆ పొద్దే తెలిసింది. ఫస్ట్ ఎవరొస్తరన్నది మాకు మధ్యాహ్నం దాక పట్టలేదు, మా పంచాయితంతా ఆ ఇంకో టీంతోనే. వాళ్ళు కాళ్ళల్ల గట్టోళ్ళు, తొవ్వ మీద మమ్ముల దాటి పోతరు, పది నిమిషాలకు ఎదురుంగ తిరిగొస్తరు, మొఖం పక్కకు తిప్పుకోని. మేం ఏం అడగం, వాళ్ళేం చెప్పరు, "మంచిగున్నదా అన్నా" "ఆ మంచిగున్నది" అనుకుంటం, నాలుగడుగులు పోయినంక ముగ్గురం గుసగుస, వాళ్ళు అటు పోయి వచ్చిన్రంటే అటు లేనట్టే కదా అని. మూడుసార్లు దాటిన్రు, మూడుసార్లు దాటినం. చివరికి నాలుగు నిమిషాల తేడాతోని మేమే వెనకపడ్డం, మూడు టీములల్ల మూడోది మాదే, నువ్వు భయపడుతున్న అదే చివరి ప్లేస్. అయినా సాయంత్రం దాబాల కూసోని ఎక్కువ మాట్లాడింది మేమే. పెద్ద మారథాన్‌ల రెండువేల మందిల పదిహేనొందల నంబర్ వస్తే చెప్పుకునేటందుకు ఏముండది, ఇక్కడ చివరొచ్చినా చెప్పుకునేటందుకు ఒక బాయి, ఒక తాత, ఒక గొంగడి ఉంటది.

చిన్న రేసులనే పట్టుకోమని నేనంటా, ఆ పెద్ద రేసులు నిద్ర లేకుండ మూడు నాలుగు రోజులు పోతయి, కాళ్ళు పుండ్లయితయి, అది వేరే రకం మనుషుల పని. నాలుగు గంటలల్ల ఎంత తప్పు చేసినా పొద్దు గూకకముందే ఇంటికొస్తవ్. ఒక్కో లెగ్గు, అంటే రేసుల ఒక్కో ముక్క, గంట గూడ ఉండది, ఉరుకుడు ఇసుగొచ్చేలోపల సైకిల్ వస్తది, సీటు నొచ్చేలోపల దిగి పడవ ఎక్కుతవ్. మన పక్క రాష్ట్రంల పుణె దగ్గర సహ్యాద్రి కొండలల్ల ఎండ్యూరో3 అని ముగ్గురి టీములతోని ఏండ్ల నుంచి నడుస్తున్న రేసున్నది, సైకిల్, ట్రెక్కింగ్, నీళ్ళు దాటుడు అన్ని ఉంటయి, దాని మిక్స్‌డ్ టీములల్ల నీలెక్క ఉద్యోగాలు చేసుకునే ఆడోళ్ళు మస్తు మంది. అది ఎప్పుడన్న తర్వాత చూద్దువు.

సైకిల్ గురించి. గేర్ల సైకిల్ కొనకు, ఎవరిదన్నా అడుక్కో, లేకుంటే కిరాయికి తెచ్చుకో. రెండున్నర నెలలల్ల ఆదివారం ఆదివారం పొద్దుగాల వడ్డేపల్లి చెరువు దాక, తర్వాత ధర్మసాగర్ దాక పోయి రా చాలు. సీటు ఎత్తు మాత్రం చూసుకో, పెడల్ కిందికున్నప్పుడు మోకాలు కొంచెమే వంగాలె, మన దిక్కు అందరూ కాళ్ళు నేలకు ఆనాల్నని సీటు కిందికి దించుకోని తొక్కుతరు, దాంతోనే మోకాళ్ళు పోతయి. తాడుతోని గుంజుడు ఉంటదని చెప్పిన కదా, పాత సైకిల్ ట్యూబ్ పొడుగ్గ కోసి కడ్తరు, అది సాగుతది కాబట్టి జర్కు రాదు. కాని రేసు రోజే మొదటిసారి కట్టుకుంటే ఇద్దరూ పడ్తరు, ముందుగాల ఖాళీ రోడ్డు మీద నాలుగు రోజులు ప్రాక్టీస్ చెయ్యున్రి, దిగుడుల మాత్రం ఎప్పుడు కట్టద్దు. పంక్చర్ చేసుడు ముగ్గుర్ల ఒక్కరికన్న రావాలె, అడవి అంచున పంక్చర్ షాపు ఉండది.

ఉరుకుడుకు పెద్ద ట్రైనింగ్ ఏం లేదు, భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దుగాల నడువు, ఆఖరి నెలల రెండు నిమిషాలు ఉరుకు మూడు నిమిషాలు నడువు అట్ల, వారానికోసారి పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కి దిగు. ఎక్కుడుల చేతులు తొడల మీద పెట్టి నొక్కుకుంట ఎక్కు, సిగ్గు పడకు, గెలిచేటోళ్ళు గూడ అట్లనే ఎక్కుతరు.

ఈత. ఇక్కడ మాత్రం నవ్వులాట లేదు చెల్లె. ముందు రేసోళ్ళకు ఫోన్ చెయ్యి, ఈత రానోళ్ళు పడవ లెగ్గు చెయ్యొచ్చునా, లైఫ్ జాకెట్ అందరికి వాళ్ళే ఇస్తరా, నీళ్ళ మీద రెస్క్యూ బోటు ఉంటదా, ఈ మూడు అడుగు. మూడింటికి సూటిగ ఆన్సర్ వస్తే పో. "అరె మేడం ఏం కాదు, నడుం లోతే" అంటే పోకు, ఎంత ఫీజు కట్టినా సరే పోకు, మన చెరువుల అడుగున బురద ఎట్లుంటదో, మట్టి తీసిన గుంతలు ఎంత లోతుంటయో ఊర్లె పెరిగినోళ్ళకు చెప్పాల్సిన పనిలేదు. అన్ని మంచిగుంటే లైఫ్ జాకెట్ పట్టీలన్ని బిగిచ్చి, భుజాల కాడ పట్టుకోని పైకి గుంజి చూడమని మరిదికి చెప్పు, చెవుల దాక పైకొస్తే అది నీ సైజు కాదు. ఇద్దరి కయాక్‌ల నువ్వు ముందట కూసో, ముందటోళ్ళు తెడ్డు తాళం వెయ్యాలె, వెనకటోళ్ళు ఆ తాళానికి కలిపి దిక్కు చూసుకోవాలె. ముందటామె "ఒకటీ, రెండూ" అనుకుంట వేస్తే పడవ తిన్నగ పోతది, ఇద్దరూ ఎవరికి తోచినట్టు వాళ్ళు వేస్తే ఒక్క జాగలనే గుండ్రంగ తిరుగుతది, ఒడ్డున ఉన్నోళ్ళకు అదే పెద్ద వినోదం. మూడో మనిషికి ఎట్ల అన్నది రేసోళ్ళే చెప్తరు.

మధ్యల ఎక్కడ్నో ఒక చిత్రమైన టాస్క్ గూడ పెడ్తరు, తాడు పట్టుకోని బండ ఎక్కుడో, పజిలో, టైరు మోసుడో. పజిల్ అయితే నీదే. తాడు అయితే భయపడకు, హెల్మెట్, నడుముకు కట్టే హార్నెస్, పైన పట్టుకునే మనిషి ఉన్నరా చూసుకో. మన నిజామాబాద్ పాకాల పోరి మాలావత్ పూర్ణ 2014ల 13 ఏండ్లకే ఎవరెస్ట్ ఎక్కింది కదా, ఆ పిల్ల మొదటగాల ఎక్కింది మన భువనగిరి బండనే. మన రాళ్ళు అంత చెడ్డయేం కావు. మన పాండవుల గుట్ట గూడ తాడు పట్టి ఎక్కేటోళ్ళకు బాగ తెలిసిన జాగ. బండల మీద తేనెతుట్టెలు మాత్రం చూసుకోవాలె, ఆ రోజు సెంటు కొట్టుకోని పోకు.

రేసు ఏ నెలల ఉన్నదో రాయలేదు నువ్వు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాక అయితే బేఫికర్. ఎండాకాలం అయితే మాత్రం వద్దను, మన వరంగల్ ఎండల నాలుగు గంటలు మజా కాదు, గ్లూకోజ్ బాటిల్ కిందికి పోయే పని. చలికాలమైనా గంటకు అర లీటర్ నీళ్ళు లెక్క పెట్టుకో, ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని రాసుంటే అన్ని నీళ్ళల్ల ప్యాకెట్ మొత్తం కలుపు, సగం ప్యాకెట్ సగం బాటిల్ అంచనాలు వద్దు. తినేటందుకు పల్లి పట్టీలు, అరటిపండ్లు, ఇంట్ల సర్వపిండి చేస్తే రెండు ముక్కలు, ఉరికేటోళ్ళు తినే ఆ ఎనర్జీ జెల్లు ప్యాకెట్ల మీద పైసలు పెట్టకు. నిండు ప్యాంటు వేసుకో, తుమ్మ ముండ్లకు టీచర్ స్టూడెంట్ తేడా తెల్వది. కొత్త బూట్లు వద్దు, నెల రోజులు నడిచిన బూట్లే. బాత్రూములు ఎక్కడెక్కడ ఉన్నయో గూడ ముందే అడుగు, మొగోళ్ళు ఇది అడగరు, రేసు పెట్టేటోళ్ళకు యాదికి రాదు, నువ్వడిగితే మిగిలిన ఆడోళ్ళు నీకు దండం పెడ్తరు. ఇంకొకటి, రూటు రిజర్వ్ ఫారెస్ట్‌ల నుంచి పోతున్నదంటే ఫారెస్టోళ్ళ పర్మిషన్ ఉన్నదా అని మరిదిని కనుక్కోమను, మన దిక్కు గుట్టలల్ల ఎలుగుబంట్లు ఉత్త ముచ్చట కాదు.

"ఇంట్ల మాట పడాల్సొస్తది" అన్నవ్. దానికి మందు ఫీజు కట్టకముందే తాగాలె. ఒక సాయంత్రం ముగ్గురూ కూసోని చాయ్ తాగుకుంట మాట్లాడుకోన్రి, నీ షరతులు చెప్పు. నడక నా స్పీడ్ మీదనే. మ్యాపు నా దగ్గర. నేను ఆగున్రి అంటే ఆగాలె, ఎందుకు అని అక్కడ పంచాయితి పెట్టద్దు. "తొందరగ రా వదినా" అనే మాట ఆ నాలుగు గంటలు బంద్, దానికి బదులు బ్యాగు ఇటియ్యి వదినా అనాలె. నీకు మోకాలు నొస్తే, కడుపుల తిప్పితే, భయమైతే దాచుకోవద్దు, ముందే చెప్పు, దాచుకోని దాచుకోని చివర్ల కూలబడే మనిషే టీంను నిజంగ ఆలస్యం చేస్తది, ఇది మాత్రం నీ డ్యూటీ. మరిది వీటికి నవ్వుకుంట సరే అంటే పేరియ్యి. "గెలవాల్నంటే ఇట్లయితే కాదు వదినా" అంటే గెలిచే టీంను దేవులాడుకోమను, నువ్వు మీ స్కూల్ల ఇద్దరు టీచర్లను పట్టుకోని ఆడోళ్ళ టీం కట్టు, పీఈటీ మేడం ఉంటరు కదా ముందు ఆమెను అడుగు.

మీ అత్తమ్మ ముచ్చట ఒక్కటే మిగిలింది. ఆమెను ఒకసారి మేడారం పాత జాతరల గురించి అడుగు, బస్సులు లేనప్పుడు ఎడ్లబండి కట్టుకోని తాడ్వాయి అడవిలకెళ్ళి ఎట్ల పోయిన్రు, జంపన్నవాగు ఎట్ల దాటిన్రు, తొవ్వల బండి ఇరుక్కుంటే ఎవరు దిగి నూకిన్రు అని. ఆమె చెప్పుడు మొదలు పెట్టినంక నువ్వు మధ్యల మాట్లాడకు, మొత్తం చెప్పనియ్యి. అయిపోయినంక మ్యాపు తీసి ముందట పెట్టి, అత్తమ్మా మేం గూడ గట్లనే పోతున్నం, ఇగో ఇక్కడ్నుంచి ఇక్కడికి, అని చూపెట్టు. రేసు అయినంక ఎన్నో ప్లేస్ వచ్చిందో రాయకున్నా సరే, మ్యాపుల ఏ బాయి కాడ తప్పిపోయిన్రో మాత్రం రాయి.